పాత వేట రైఫిల్ కొనాలా, కొత్తదా? తిరిగి అమ్మితే ఎంతొస్తుందో ముందే లెక్కేసుకోవడం ఎలా

అక్టోబర్ నెలాఖరుకి పెన్సిల్వేనియాలో ఏ గన్ షాపుకి వెళ్లినా కౌంటర్ దగ్గర నిలబడటానికి చోటుండదు. థ్యాంక్స్‌గివింగ్ అయిన శనివారం నుంచి రైఫిల్‌తో జింకల వేట మొదలవుతుంది, కొనేవాళ్లంతా అప్పుడే వస్తారు. గోడ మీద వరసగా పెట్టిన తుపాకుల్లో ఒకచోట నల్ల ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) ఉన్న కొత్త రుగర్ అమెరికన్ ఉంటుంది, ధర ఐదారు వందల డాలర్లు. దాని పక్కనే 1950ల నాటి వించెస్టర్ మోడల్ 70, వాల్‌నట్ కర్ర, అక్కడక్కడా గీతలు, ధర కొత్తదానికి రెట్టింపు. మొదటిసారి కొనేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. డెబ్బై ఏళ్లు వాడిన వస్తువుకి అంత ధరేమిటని.

వేటకి కొత్తగా వస్తున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది కూడా ఇదే. నాలుగైదేళ్లు వాడి, తర్వాత ఇండియా వెళ్లిపోతేనో, ఇల్లు మారితేనో అమ్మేయాలి, అప్పుడు దేనికి డబ్బు నిలుస్తుంది? నేను కొన్నవి, అమ్మినవి, నష్టపోయినవి అన్నీ దృష్టిలో పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఆ వరసలోనే చెబుతాను.

ముందు మీ వీసా సంగతి చూసుకోండి

ధర గురించి ఆలోచించే ముందు ఇది తేల్చుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. పెన్సిల్వేనియా లైసెన్స్ జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. రెన్యువల్ మర్చిపోయారంటే జూలై 1 పొద్దున నుంచి మీ బీరువాలో ఉన్న రైఫిల్ మీకు కేసు తెచ్చిపెట్టగలదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ లేదు.

ఇంకొక మాట. "నీకు గ్రీన్ కార్డు ఉంది కదా, నీ పేరు మీద కొనిపెట్టరా, డబ్బు నేనిస్తాను" అని స్నేహితుడు అడిగితే మొహమాటపడకుండా కుదరదని చెప్పండి. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఫెడరల్ నేరం, ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఏ పాతదానికి విలువ ఉందో, ఎందుకుందో తెలుసుకోండి

పాతదైనంత మాత్రాన ఏ తుపాకీకీ ధర రాదు. అలాంటి పనితనం ఇప్పుడు దొరకకపోతేనే ధర వస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి వించెస్టర్ మోడల్ 70 కథ తెలుసుకోవాలి.

1936లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో దీని తయారీ మొదలైంది. మ్యాగజైన్‌లోంచి తూటా పైకి లేవగానే బోల్ట్ (తూటాని లోపలికి తోసే ఇనుప కడ్డీ) పక్కనున్న పొడవాటి కొక్కెం దాని అంచుని పట్టేసుకుంటుంది, ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి పోయేదాకా వదలదు. స్టాక్ మీద చేత్తో పట్టుకునే చోట గరుకు గళ్లు కోసి చెక్కేవారు. ఈ పనికి మనుషులు కావాలి, సమయం కావాలి. ఖర్చు భరించలేక కంపెనీ 1964లో డిజైన్ మార్చేసింది. పెద్ద కొక్కెం తీసేసింది. గళ్లు చెక్కడం మానేసి అచ్చుతో నొక్కించింది. వాడేవాళ్లకి చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోయింది. ఆ ఏడాది నుంచే "ప్రీ-64" అన్న మాట పుట్టింది, ఇప్పటికీ ధర చెప్పేటప్పుడు మొదట వచ్చే మాట అదే. పాత తరహా కొక్కెంతో కంపెనీ 1990లలో మళ్లీ మోడల్ 70 తెచ్చింది. 2006లో న్యూ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడింది. మళ్లీ సౌత్ కరోలినాలో తయారీ మొదలైంది. ఇన్ని మార్పులొచ్చినా మార్కెట్ 1963 దగ్గర గీసిన గీత చెరిగిపోలేదు.

1964 తర్వాతివి చెడ్డవని దీని అర్థం కాదు. అవీ గురి తప్పవు. పేరు పోయింది కాబట్టి తక్కువకి దొరుకుతాయి. వేటకి మాత్రమే కావాలనుకుంటే నేను వాటినే కొనమంటాను.

మార్లిన్ లీవర్ రైఫిళ్లదీ (ట్రిగ్గర్ కిందున్న పిడిని కిందికి లాగి తూటా ఎక్కించేవి) దాదాపు ఇదే కథ. 2007లో రెమింగ్టన్ అనే ఇంకో తుపాకుల కంపెనీ దాన్ని కొన్నది, 2011లో పాత నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూసేసింది. తయారీ చెయ్యి మారిన తొలి రోజుల్లో నాణ్యత పడిపోయిందని వాడినవాళ్లు గోల పెట్టారు. అప్పటి నుంచి బారెల్ (గుండు బయటికి పోయే గొట్టం) మీద, రిసీవర్ (ట్రిగ్గర్, యంత్రం ఉండే ఇనుప భాగం) దగ్గర చిన్నగా కొట్టిన "జేఎం" ముద్ర కోసం జనం వెతుకుతున్నారు. అది పాత ఫ్యాక్టరీ ముద్ర. రెమింగ్టన్ 2020లో దివాలా తీశాక మార్లిన్‌ని రుగర్ కొనుక్కుని, 2021 చివర్లో నార్త్ కరోలినా నుంచి మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చింది. ఈ కొత్తవి బాగున్నాయని పేరొచ్చింది. కాబట్టి జేఎం ముద్ర ఉంది కదా అని అడిగినంత ఇచ్చేయకండి.

సావేజ్ 99 ఇంకో రకం. 1899లో మొదలై 1990ల చివర్లో ఆగిపోయింది, ఇక రాదు. సీరియల్ నంబర్ పది లక్షల లోపున్న వాటిని "ప్రీ-మిలియన్" అంటారు. అవి సుమారుగా 1960కి ముందువి, వాటికే గిరాకీ.

ధర రాని పాతవి కూడా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన స్ప్రింగ్‌ఫీల్డ్ 1903, మౌజర్ లాంటి సైన్యపు రైఫిళ్ల స్టాక్ కోసి, బారెల్ కత్తిరించి వేటకి మార్చుకున్నారు. అప్పట్లో అది తెలివైన పనే. ఇప్పుడు కత్తిరించని దానికి వచ్చే ధరలో కొంత భాగమే వీటికి వస్తుంది, మళ్లీ మునుపటిలా చేయడమూ కుదరదు. వేటకి మాత్రం ఇవి చాలా మంచి బేరం.

చేతిలోకి తీసుకుని చూడండి, తొందరపడకండి

కౌంటర్ దగ్గర తుపాకీ అందుకోగానే బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్, మ్యాగజైన్ ఖాళీగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. షాపువాళ్లు చూశామన్నా సరే మీరూ చూడండి. బారెల్ ఎవరి వైపూ ఉండకూడదు. ఆ తర్వాతే మిగతా పరీక్ష.

మొదట సీరియల్ నంబర్. మోడల్ 70 అయితే ఏడు లక్షల లోపుంటే 1964కి ముందుది, ఏడు లక్షలు, ఆ పైన అయితే తర్వాతది. ఒక షాపులో "ప్రీ-64" అని చీటీ కట్టిన రైఫిల్ నంబర్ చూస్తే ఏడు లక్షలు దాటి ఉంది. చీటీ రాసినతనికి తెలియదో, తెలిసే రాశాడో గానీ, ఆ చీటీ నమ్మినవాళ్లకి వందల డాలర్లు నష్టం. నంబర్ చదవడానికి అర నిమిషం చాలు.

తర్వాత స్క్రూలు. వీటి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, తుపాకీ ఎలాంటి చేతుల్లో పెరిగిందో చెప్పేవి ఇవే. ఫోన్ లైటు వేసి స్క్రూ తల మీది గాడిని చూడండి. ఫ్యాక్టరీలో బిగించాక ఎవరూ ముట్టుకోని స్క్రూ గాడి అంచులు కత్తితో కోసినట్టుంటాయి, గాడి లోపల కూడా నీలినలుపు రంగు ఉంటుంది. అంచులు చిట్లి, లోపల తెల్లటి ఇనుము మెరుస్తోందంటే సరిపోని స్క్రూడ్రైవర్‌తో ఎవరో విప్పారు. విప్పినవాళ్లు లోపల ఏం చేశారో మనకి తెలియదు. ఆ అనుమానానికే ధర తగ్గించమని అడగొచ్చు.

ఇప్పుడు బారెల్ మీది అక్షరాలు. వేలి కొనతో మెల్లగా రుద్దండి. ఫ్యాక్టరీ రంగే ఉంటే అక్షరాల అంచులు వేలికి తగులుతాయి. రుద్ది మళ్లీ రంగు వేసిన వాటికి అక్షరాలు అరిగి నున్నగా ఉంటాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ ఇనుము చిన్న గిన్నెలా లోపలికి కుంగి ఉంటుంది. అలా రంగు వేసినది దూరం నుంచి కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంది. సేకరించేవాళ్లు మాత్రం దాన్ని పక్కన పెట్టేస్తారు. అరిగిపోయినా అసలు రంగే మేలు.

రిసీవర్ పైన రంధ్రాలు లెక్కపెట్టండి. స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించడానికి తర్వాత ఎవరైనా డ్రిల్ చేస్తే పాత రైఫిల్ విలువ బాగా పడిపోతుంది. యుద్ధానికి ముందు తయారైన మోడల్ 70లకి రిసీవర్ వెనక భాగం పైన మామూలుగా ఫ్యాక్టరీ రంధ్రాలు ఉండవు. అక్కడ కనిపిస్తే అవి తర్వాత వేసినవే అయ్యుంటాయి. అలాగే స్టాక్ చివర చూడండి. స్టాండర్డ్ మోడల్‌కి అక్కడ గళ్ల ఇనుప పలక ఉండాలి. దాని బదులు ఎర్ర రబ్బరు ప్యాడ్ ఉంటే, ప్యాడ్ పట్టడానికి కర్ర కోసేశారన్నమాట. కోసిన కర్ర మళ్లీ పెరగదు.

చివరగా బారెల్ లోపల. చిన్న లైటు వెనక నుంచి వేసి చూడండి. మెలి తిరిగిన గాడులు స్పష్టంగా, మెరుస్తూ కనిపించాలి. నల్లటి చుక్కలు గుంటల్లా ఉంటే తుప్పు తినేసింది. బారెల్ మూతి అంచున ఇయర్ బడ్ తిప్పి చూడండి, దూది పోగులు చిక్కుకున్నాయంటే అంచు దెబ్బతింది, గురి చెడుతుంది.

రెమింగ్టన్ 700 కొంటుంటే ఇంకో పని ఉంది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 దాకా తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని, నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని కంపెనీ వెనక్కి పిలిచింది. ట్రిగ్గర్ బాగుచేశారో లేదో ఆధారం చూపించమనండి. ఆధారం లేకపోతే వదిలేయండి. ఇది ధర కోసం చెబుతున్న మాట కాదు, పక్కన నిలబడే మనిషి కోసం.

నేను చేసిన తప్పు

చాలా ఏళ్ల కిందట మా పక్కింటి పెద్దాయన వేట మానేసి తన సావేజ్ 99 నాకు అమ్మారు. క్యాలిబర్ (ఏ రకం తూటా పడుతుందో చెప్పే పేరు) .300 సావేజ్. రిసీవర్ ఎడమ పక్కన చిన్న కిటికీ, అందులోంచి లోపల ఎన్ని తూటాలున్నాయో అంకె కనిపిస్తుంది. అంత ముచ్చటైన వస్తువు నేను అంతకుముందు చూడలేదు. స్టాక్ మాత్రం మాసిపోయి, చెయ్యి పట్టిన చోట నల్లగా ఉంది. బాగుచేద్దామని రెండు వారాంతాలు కూర్చుని గరుకు కాగితంతో రుద్ది, మెరిసే వార్నిష్ వేశాను. ఇంట్లో అందరూ బాగుందన్నారు.

నాలుగేళ్ల తర్వాత అమ్మడానికి తీసుకెళ్తే, డీలర్ ఇనుముకీ కర్రకీ మధ్య అతుకు మీద వేలు పెట్టాడు. ఫ్యాక్టరీలో కర్ర ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. నేను రుద్దడంతో కర్ర ఇనుము కంటే కిందికి దిగిపోయింది. గళ్ల మొనలు కూడా అరిగిపోయాయి. నేను అనుకున్న ధరలో మూడో వంతు అక్కడే పోయింది. ఆ నల్లటి మరక పెద్దాయన చెయ్యి నలభై ఏళ్లు పట్టుకున్న గుర్తు. దాన్ని నేనే తుడిచేశాను. డబ్బు కంటే అదే ఇప్పటికీ బాధ.

ధర తెలుసుకునేటప్పుడు అమ్ముడైన ధర చూడండి

ఎవరెంత అడుగుతున్నారో చూసి మోసపోకండి. ఎంత ధరైనా అడగొచ్చు. గన్‌బ్రోకర్ లాంటి వేలం సైట్లలో లాగిన్ అయి ముగిసిన వేలాలు వెతికితే నిజంగా ఎంతకి పోయిందో కనిపిస్తుంది. అదే మోడల్, అదే క్యాలిబర్, అదే స్థితిలో ఉన్నవి ఐదారు చూసి మధ్యస్థంగా ఒక అంకె రాసుకోండి. బ్లూ బుక్ ఆఫ్ గన్ వాల్యూస్ అనే ధరల పుస్తకం స్థితిని శాతాల్లో చెబుతుంది. మీ రైఫిల్ అసలు రంగు ఎంత శాతం మిగిలిందో నిజాయితీగా అంచనా వేస్తేనే అది ఉపయోగపడుతుంది. మన వస్తువుకి మనం పది శాతం ఎక్కువే వేసుకుంటాం.

క్యాలిబర్ కూడా చూడండి. మోడల్ 70లో .30-06, .270 లక్షల్లో చేశారు, అందుకే వాటికి మామూలు ధర. .257 రాబర్ట్స్, .300 సావేజ్ లాంటివి తక్కువ చేశారు, సేకరించేవాళ్లు వాటికి చాలా ఎక్కువ ఇస్తారు. వేటకి వెళ్లేవాళ్లకి మాత్రం .30-06 తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, .300 సావేజ్ కోసం షాపులన్నీ తిరగాలి. ఎక్కువ ధరకీ, తూటాలు దొరకకపోవడానికీ అరుదైన క్యాలిబరే కారణమని అర్థం చేసుకుని, మీకు ఏది ముఖ్యమో ముందే తేల్చుకోండి.

లాభం లెక్క కూడా సరిగ్గా వేసుకోండి. 2010లో వెయ్యి డాలర్లు పెట్టి కొన్న పాత రైఫిల్‌ని 2024లో 1,400కి అమ్మితే నాలుగొందలు మిగిలాయనిపిస్తుంది. అమెరికాలో ధరలు పెరిగిన లెక్కన 2010 నాటి వెయ్యి 2024లో సుమారు 1,440తో సమానం. అంటే మిగిలిందేమీ లేదు. కాకపోతే పద్నాలుగేళ్లు దాదాపు ఉచితంగా వాడుకున్నారు, అదేం తక్కువ కాదు. పాత రైఫిల్ ఎక్కువ సార్లు చేసే పని ఇదే: డబ్బు పెంచదు, పోనివ్వదు.

కొత్తది కొంటే

కొత్త రైఫిల్ షాపు గడప దాటగానే వాడినది అయిపోతుంది. నా అనుభవంలో ఐదారు వందల డాలర్లది ఒక సీజన్ వాడి డీలర్‌కి ఇస్తే సగం, మహా అయితే కొంచెం పైన ఇస్తారు. కారణం తేలికే: పక్క షెల్ఫ్‌లో కొత్తది దొరుకుతుంటే మీది ఎవరు కొంటారు? కంపెనీ యాభై, వంద డాలర్ల రిబేట్ ప్రకటిస్తే మీ ధర ఇంకా కిందికి పోతుంది. రుగర్ అమెరికన్‌కి 2024లో రెండో తరం వచ్చాక మొదటి తరం వాటి పరిస్థితి అలాగే అయింది. కాబట్టి ఈ రకం కొనదలిస్తే ఒక ఏడాది వాడి ఎవరో వదిలించుకుంటున్నదే కొనండి, ఆ నష్టం వాళ్లే భరించి ఉంటారు.

అయినా వేట మాత్రమే లక్ష్యమైతే, వానలో మంచులో తిరుగుతారంటే, కొత్తదే కొనండి. ప్లాస్టిక్ స్టాక్ తడికి ఉబ్బదు, గురి మారదు. వాల్‌నట్ ఉబ్బుతుంది. ఇప్పటి చవక రైఫిళ్లు వంద గజాల్లో మూడు గుండ్లని ఒక అంగుళంలో వేస్తున్నాయి. పాతవాటిలో చాలా వాటికి అది కష్టం. రాయికి తగిలి గీత పడినా మీకు నిద్ర పడుతుంది. పాతది భుజాన వేసుకుని కొండ ఎక్కితే ప్రతి కొమ్మా మీ జేబుకి తగులుతున్నట్టుంటుంది.

స్కోప్‌తో కలిపి అమ్మితే స్కోప్‌కి విలువ దాదాపు కట్టరు. విప్పి విడిగా అమ్మండి.

ఇంట్లో ఎలా ఉంచాలి

తోలు కవర్‌లోగానీ, స్పాంజి పెట్టెలోగానీ నెలల తరబడి ఉంచకండి. రెండూ తేమ పట్టుకుని తుప్పు తెస్తాయి. వాడాక నూనె గుడ్డతో తుడిచి, తాళం వేసిన సేఫ్‌లో తేమ పీల్చే పొట్లాలు వేసి ఉంచండి. తీసేసిన ఏ భాగాన్నీ పారేయకండి. గురి చూసే పాత సైటు, స్టాక్ చివరి పాత పలక, పెట్టె, కాగితాలు ఒక సంచీలో వేసి రైఫిల్‌తోనే ఉంచండి. ఆ సంచీ ఉంటే కొనేవాళ్లు బేరం ఆడటం తగ్గిస్తారు.

మన ఊళ్లో తాతల నాటి తుపాకీ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడి దారి పూర్తిగా వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల వల్ల ఇప్పుడు సరదా వేటకి తావు లేదు. ఆయుధం అమ్మాలంటే కొనేవాళ్లకి లైసెన్స్ ఉండాలి, వాళ్ల పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకి మించి కుదరదు. ఇంట్లో పెద్దాయన పోయి తుపాకీ మిగిలిపోతే ధర సంగతి తర్వాత, ముందు దాన్ని స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయించండి.

అమ్మేటప్పుడు

ఆగస్టు నుంచి నవంబర్ మధ్యలో అమ్మండి. జనవరిలో అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లుండరు. డీలర్‌కి నేరుగా ఇస్తే డబ్బు వెంటనే వస్తుంది, ధర తక్కువ. షాపులో కన్‌సైన్‌మెంట్‌కి (వాళ్లు మన తరఫున అమ్మిపెట్టడానికి) పెడితే ధర మెరుగు, కానీ కమిషన్ పోతుంది. అది ఎంత శాతమో కాగితం మీద రాయించుకోండి. వేరే రాష్ట్రం మనిషికి అమ్మాలంటే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే పంపాలి, అక్కడ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే వాళ్ల చేతికి వెళ్తుంది. సొంత రాష్ట్రంలో ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నియమం. కాలిఫోర్నియా, న్యూయార్క్, కొలరాడో, వాషింగ్టన్‌లలో దానికీ చెక్ తప్పనిసరి. పెన్సిల్వేనియాలో పొడవు తుపాకులకి తప్పనిసరి కాదు, అయినా నేను తెలియని మనిషికి డీలర్ దగ్గరికి తీసుకెళ్లే అమ్ముతాను. ఆ కాస్త ఫీజుతో మనసు నిమ్మళంగా ఉంటుంది.

ప్రకటనలో లోపాలన్నీ మీరే ముందు రాయండి: రంధ్రం ఉంటే రంధ్రం, ప్యాడ్ ఉంటే ప్యాడ్, వార్నిష్ వేసి ఉంటే వార్నిష్. ఫొటోలు పగటి వెలుగులో, స్క్రూలు, బారెల్ అక్షరాలు, స్టాక్ చివర విడివిడిగా దగ్గర నుంచి తీయండి. అమ్మకం అయ్యాక మోడల్, సీరియల్ నంబర్, తేదీ, కొన్న మనిషి లేదా డీలర్ వివరాలు రాసిన రసీదు మీద ఇద్దరూ సంతకం పెట్టి, మీ కాపీ టాక్స్ కాగితాలతో పాటు దాచుకోండి. ఎప్పుడో పదేళ్లకి ఆ నంబర్ గురించి పోలీసులు మీ తలుపు తడితే చూపించడానికి ఆ ఒక్క కాగితం సరిపోతుంది.